పుజ్జి రీప్లే

పుజ్జికి ఏదైనా ఒక్కసారి జరిగితే చాలదు. వెంటనే అదే ఇంకోసారి, బాగా నిదానంగా జరగాలి. లేకపోతే అసలు జరగనట్టే లెక్క. ఆమెకు రెండున్నరేళ్లు. అసలు పేరు పూజిత, ఊరు ధారూర్ పక్కన చిన్న పల్లె, పుట్టింది గొర్రెలు కాసుకునే ఇంట్లో.

ఈ పిచ్చి అంటించింది తండ్రి దశరథ్. తాండూరులో బండలు పాలిష్ పట్టే పనికి పోయి, సాయంత్రం రైలు దిగి వచ్చి, ఒంటి మీది రాతిదుమ్ము కడుక్కుని, కూతుర్ని ఒళ్లో వేసుకుని టీవీ ముందు కూర్చుంటాడు. కబడ్డీ వస్తే కబడ్డీ, క్రికెట్ వస్తే క్రికెట్, రెండూ లేకపోతే ఏ దేశంవాళ్లో మంచు మీద జారుతున్నా చూస్తాడు. టీవీలో ఏదైనా జరిగిందంటే రెండుసార్లు జరుగుతుంది. మొదటిది చూసేలోపే అయిపోతుంది. తర్వాత అదే మనుషులు అదే పని నీళ్లలో నడుస్తున్నట్టు చేస్తారు. కళ్లు తెరిచింది మొదలు ఇదే చూసిన పిల్ల, లోకం తీరే ఇంతనుకుంది. అందులో ఆమె తప్పేం లేదు.

పుజ్జి కబడ్డీకి మొదటి ప్రేక్షకుడు తాత అనంతయ్య. “బడ్డి, బడ్డి, బడ్డి” అంటూ వచ్చి తాత మోకాలు తాకి, వెనక్కి ఉరికి, గడప తగిలి బోర్లా పడేది. అయిపోయిందని ఆయన లేవబోతే ఊరుకునేది కాదు. గౌను దులుపుకుని, మళ్లీ మొదటికొచ్చి, ఒక కాలు గాల్లోకి ఎత్తి అక్కడే ఆపేది. బుగ్గలు వదిలేసి, నోరు తెరిచి, కళ్లు సగం మూసేది. గడప దాకా రావడానికి ఎంతసేపో, పడడానికి అంతకు రెట్టింపు. ముందు ఒక చెయ్యి నేలకు ఆనేది, తర్వాత మోకాలు, తర్వాత పొట్ట, అన్నీ కుదురుకున్నాక ముక్కు.

“ఏందే, పడుతున్నవా, పండుకుంటున్నవా?” అనేవాడు అనంతయ్య. తర్వాత భార్య బుగ్గమ్మ వైపు తిరిగి, “గిది పడేలోపు నా మంద మేసి ఇంటికొస్తది” అనేవాడు.

తను చేస్తే సరిపోదు, ఎదుటివాళ్లూ చేయాలి. తల్లి అశ్విని చేతిలోంచి చెంబు జారి నీళ్లన్నీ ఒలికితే, “మల్ల” అని నిలబడేది. ఆ ఒక్క మాటా చాలా స్పష్టంగా వచ్చేది. అశ్విని ఖాళీ చెంబును మెల్లమెల్లగా నేల దాకా దించితే గాని వంట సాగేది కాదు. ఒకసారి గొర్రెపిల్ల వచ్చి పొట్టలో కుమ్మితే పుజ్జి కిలకిలా నవ్వి, దాని రెండు చెవులు పట్టుకుని, “మల్ల” అంది. గొర్రెపిల్లకు నిదానం తెలియదు, అదే వేగంతో ఇంకోటి ఇచ్చింది. చేసి చూపిస్తే నేర్చుకుంటుందని పుజ్జి తలొంచి, చాలా ఓపిగ్గా, దాన్ని నిదానంగా కుమ్మింది. గొర్రెపిల్ల బిత్తరపోయి తల్లి కిందకు దూరింది.

మర్పల్లిలో చుట్టాల పెళ్లి. పిల్లగాడు తాళి కట్టాడు, అక్షింతలు పడ్డాయి, మేళం ఆగింది. ఆ నిశ్శబ్దంలో అనంతయ్య భుజం మీది నుంచి ఒక గొంతు, “మల్ల” అంది.

“ఛీ, గదేం మాటనే. తాళి రెండుసార్లు కడ్తరా?” అంది పెళ్లికూతురి తల్లి.

“పాప కరెక్టే అన్నది పెద్దమ్మ. ఎవల్దో మోచెయ్యి అడ్డమొచ్చింది నాకు” అన్నాడు ఫొటోగ్రాఫర్. పిల్లగాడి వైపు తిరిగి, “అన్నా, ముడి కాడ చేతులు పెట్టు. మెల్లగ. ఇంక మెల్లగ” అన్నాడు.

పుజ్జి తృప్తిగా చప్పట్లు కొట్టింది. కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వినవాడు అనంతయ్య.

ఆ తర్వాత ఆ ఇంట్లో నవ్వు కరువైంది. వానలు మొదలయ్యాక ఒక పొద్దున, దొడ్డి తడక తీస్తూ అనంతయ్య కూలబడ్డాడు. కుడి పక్క పడిపోయింది. వికారాబాద్ ఆసుపత్రిలో ప్రాణం నిలిచింది గాని చెయ్యి వేలాడింది, మూతి వంకరపోయింది, కాలు ఈడ్చుకుంటూ వచ్చింది.

“రోజు నడవాలె పెద్దాయన. ఇప్పుడు నడిస్తేనే కాలు వస్తది. మంచం పట్టినవంటే ఇగ రాదు” అన్నాడు డాక్టరు.

ఎండాకాలమంతా మంద వెనక కన్నడ ఊళ్ల దాకా పోయి వచ్చిన మనిషికి, మంచం నుంచి వాకిలి గేటు ఒక దేశమంత దూరమైంది. దశరథ్ చంక కింద చెయ్యేసి లాగేవాడు. “జర జల్ది నాయినా, నాకు రైలు పోతది.” బుగ్గమ్మ వెనక పట్టుకుని ఏడ్చేది. అశ్విని, మామ తడబడడం చూడలేక మొహం తిప్పుకునేది. మందను అనంతయ్య తమ్ముడి కొడుకు తోలుకుపోతున్నాడు. పొద్దున్నే ఇంటి ముందు నుంచి గంటల చప్పుడు వినిపిస్తే అనంతయ్య గోడ వైపు తిరిగి పడుకునేవాడు. బతికినందుకు ఆయనకు సిగ్గుగా ఉండేది.

ఒకరోజు ఎవరూ దగ్గర లేనప్పుడు, గోడ పట్టుకుని తనే లేచాడు. సగం దూరం పోయాక వెనక ఏదో అలికిడైంది. తిరగడానికే చాలాసేపు పట్టింది. వెనక పుజ్జి ఉంది. కుడిచెయ్యి వేలాడేసి, కుడికాలు ఈడుస్తూ, మూతి ఒక పక్కకు జార్చి వస్తోంది. అచ్చం ఆయనే. గోడ అవతల పక్కింటి కాశమ్మ కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది.

అశ్విని ఉరికొచ్చి పిల్ల వీపు మీద ఒక్కటేసింది. అనంతయ్య మళ్లీ గోడ పట్టుకుని మంచం చేరాడు.

“ఇగ నేను లేవ” అన్నాడు.

అన్నట్టే లేవలేదు. దశరథ్ బతిమాలాడు, కసిరాడు, చివరికి టీవీ కట్టేశాడు. ముసురు వదల్లేదు. పుజ్జి మంచంకోడు పట్టుకుని తాత కాలు వైపే చూస్తూ నిలబడేది. ఆయన కళ్లు మూసుకునేవాడు.

ఓ మధ్యాహ్నం బుగ్గమ్మ జొన్నరొట్టె పాలలో నానేసి తెచ్చింది. ఆమెకు ఏడ్చే ఓపిక అయిపోయి కోపం వచ్చింది.

“పోరి ఎక్కిరించిందని అలిగినవా?”

“అందరు నవ్విండ్రు.”

“కాశమ్మ నవ్వింది. అది పీనుగను సూసిన నవ్వుతది. నేనడిగేది వేరే. మొన్న దీనికి సూది ఏయించినం. మల్ల అన్నదా?”

“అనలే.”

“కషాయం తాపినం, మల్ల అన్నదా? దాని అమ్మ వీపు మీద ఏసింది, మల్ల అన్నదా?”

“లేదు.”

“నచ్చంది ఎన్నడన్న మల్ల చేసిందా ఇది? నాకైతే యాదికి లేదు. నీకుంటే చెప్పు.”

అనంతయ్య వెతుక్కున్నాడు. ఒక్కటీ దొరకలేదు. టీవీలో కూడా ఊరికే నిలబడ్డవాణ్ని రెండోసారి చూపించరు కదా అనిపించింది. అందరూ మెచ్చినదే మళ్లీ నిదానంగా చూపిస్తారు. ఈ ఇంట్లో అందరూ గబగబా తిరిగేవాళ్లే. పొద్దున లేచింది మొదలు ప్రతి అడుగూ నిదానంగా వేసేది తనొక్కడే. లోకమంతా జాలిపడిన నడక, ఆ పిల్ల కంటికి చప్పట్లు కొట్టాల్సిన నడక.

ఎవరూ పిలవకుండానే ఎడమకాలు కిందపెట్టాడు. తర్వాత చేత్తో కుడికాలు దించుకున్నాడు. బుగ్గమ్మ లేవబోతే వద్దన్నాడు. పుజ్జి వచ్చి పక్కన నిలబడింది. ముందుకు లాగలేదు, వెనక పట్టలేదు. ఆయన అడుగు వేస్తే వేసింది, ఆగితే ఆగింది. జబ్బుపడ్డాక ఆయనతో సమానంగా నడిచిన మనిషి ఆమె ఒక్కతే. తడిసిన బండల మీద ఇద్దరూ కాళ్లు ఈడుస్తూ, తొందర లేకుండా పోతుంటే, కాశమ్మ గోడ మీంచి తల పెట్టి, ఈసారి నవ్వక చూసింది.

గేటు పట్టుకుని అనంతయ్య రొప్పాడు. ఒళ్లంతా చెమట. ఇక చాలనుకుని కూర్చోబోయాడు.

“మల్ల” అంది పుజ్జి.

“డాక్టరు గూడ మల్ల అనలేదు గదనే” అన్నాడు అనంతయ్య, నవ్వాడు. నవ్వు మూతిలో సగానికే వచ్చింది.

పుజ్జి అది శ్రద్ధగా చూసింది. తర్వాత తన మూతిలో కూడా సగమే, చాలా నిదానంగా నవ్వింది.