ఇద్దరు తెరిచిన కొట్టు

గంజాం కొత్త ఒరిస్సా రాష్ట్రంలో కలిసిన మరుసటి ఏడాది, పొడంపేట జగ్గన్న తుఫానులో పడవ బోల్తాపడి చనిపోయాడు. అతనూ కూర్మయ్యా పొత్తులో పెట్టుకున్న ఎండుచేపల కొట్టు బరంపురం గేట్ బజారులో ఉంది. పెద్దకర్మ అయ్యాక కూర్మయ్య, జగ్గన్న భార్య కన్నమ్మను వెంటబెట్టుకుని ప్లీడరు దగ్గరికి వెళ్లాడు.

"ఈయమ్మని ఆడి సోట్లో కూకోబెడతాను బాబూ," అన్నాడు.

"అలా కుదరదు కూర్మయ్యా. మీ ఒప్పందంలో వారసుల మాటే లేదు. భాగస్వామి పోతే, చట్టం ప్రకారం ఆ రోజుతోనే పొత్తు కూడా ముగిసిపోతుంది," అన్నాడు ప్లీడరు.

"నాను బతికే ఉన్నాను కదా బాబూ?"

ప్లీడరు పాత ఒప్పందం మడిచి పక్కన పెట్టాడు. తర్వాత, "కావాలంటే మీరిద్దరూ కొత్త పత్రం రాసుకోండి. జగ్గన్న పేరు బదులు ఆమె పేరు ఉంటుంది," అన్నాడు.

కన్నమ్మ నోట కొంగు కుక్కుకుంది. "ఒద్దన్నా. ఆయన పంచి ఇంకా దండెం మీదే ఉంది. ఆయన పేరు నానే ఎలా తీయించీది?"

కూర్మయ్య ఆమెను బలవంతపెట్టలేదు. కొట్టు అమ్మేసి, ఆమె వాటా ఆమెకిచ్చి, కొట్టు పెట్టకముందులా మళ్లీ ఒకరి వల లాగే కూలికి పోయాడు. ఒక్కడివే నడుపుకుని ఉండొచ్చు కదా అని ఎవరైనా అడిగితే, "ఆడు నేని కొట్లో ఎవులితో మాటాడతాను?" అనేవాడు.