డిస్కు పాడిన లాలి

మొన్న ఆదివారం మా అల్లుడు వచ్చి వెళ్తూ, మనవరాలి వీడియోలు పెన్ డ్రైవులో వేసి మావారి చేతికిచ్చాడు. ఫోన్లో చూద్దామంటే మావారికి కళ్ళు ఆనవు. కంప్యూటర్ మీదైతే పిల్ల ముఖం పళ్ళెమంత కనిపిస్తుందని ఆయన ఆశ. భోజనాలయ్యాక కుర్చీ లాక్కుని కూర్చున్నారు. నేను కొంగుతో చేతులు తుడుచుకుంటూ వెనక నిలబడ్డాను. తెర నల్లగా ఉండిపోయింది. పిల్ల గొంతు మాత్రం వినిపిస్తోంది, బొమ్మతో కాబోలు ఏదో చెబుతోంది. ఇంతలో ఆ నలుపు మధ్యన ఒక తెల్లని పెట్టె వచ్చింది. ఈ వీడియో కనిపించాలంటే ఇంకొక హంగు కావాలట, దాన్ని ఇక్కడే కొనుక్కోవచ్చట. చెప్పడం మాత్రం ఎంతో మర్యాదగా చెప్పింది.

"మళ్ళీనా!" అన్నారు మావారు. "చూసేవుటే? నీ మనవరాలు లోపలే ఉందిట. తలుపు తియ్యాలంటే టిక్కెట్టు కొనాలిట."

నాకు తిట్టడం చేతకాదు. పొద్దున్న లేచి భూమికి దణ్ణం, నీళ్ళు తోడుకున్న నూతికి దణ్ణం, వంటయ్యాక పొయ్యికి దణ్ణం, ఇదీ నా పెంపకం. దేవుడు ఇవ్వనివి లెక్కపెట్టుకోవడం నాకెవరూ నేర్పలేదు. కానీ ఆ తెల్లని పెట్టెను చూస్తే మాత్రం, రెండేళ్ళయినా, నా నాలిక మీద చేదు ఊరుతుంది. అది ఎందుకో చెప్పాలంటే మా మేనత్త దగ్గర్నుంచి మొదలుపెట్టాలి.

నేను బడి గుమ్మం తొక్కలేదు. మా నాన్నగారు వేదం చెప్పుకునే మనిషి. ఆడపిల్లకి చదువు వద్దని ఆయన అనలేదు. రేవు దాటి బడికి పంపడానికి భయపడ్డారు, అంతే. చిన్నతనంలోనే భర్తను పోగొట్టుకుని పుట్టింటికొచ్చేసిన మా అత్తయ్య నన్ను దగ్గరికి లాక్కుంది. పళ్ళెంలో బియ్యం పోసి నా వేలు పట్టుకుని అక్షరాలు దిద్దించింది. కొబ్బరి ఈనెలు చీరుతూ ఎక్కాలు, పప్పు రుబ్బుతూ శ్లోకాలు, తులసికోట చుట్టూ తిరుగుతూ పాటలు. మనిషి సన్నంగా, గట్టిగా, ఎండుమిరపకాయలా ఉండేది. గొంతు మాత్రం పానకం. పాట కాగితం మీద రాసుకుంటానంటే ఒప్పుకునేది కాదు. "కాయితానికి ఇచ్చేసేవంటే నీ నోరు దాన్ని మర్చిపోతుందే అమ్మడూ" అనేది.

పాట నేర్పడానికి ఆవిడ దగ్గర ఒక పద్ధతి ఉండేది. ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకునేది కాదు. ఒకసారి ఆలమూరు నుంచి ఎవరో ఇల్లాలు హారతిపాట నేర్చుకుని, వెళ్ళేటప్పుడు జాకెట్టుముక్కా పళ్ళూ పెట్టబోతే మా అత్తయ్య చేతులు వెనక్కి పెట్టుకుంది. "పాటకి పాటే ఇవ్వాలమ్మా. నాకు రానిది నీకొకటి వస్తే నేర్పి వెళ్ళు" అంది. ఆ ఇల్లాలు సిగ్గుపడుతూ వడ్లు దంచే పాట ఒకటి నేర్పి వెళ్ళింది. మరి నాలాంటి పిల్లలకి ఇవ్వడానికి ఏముంటుంది? మేము నేర్చుకున్న పాటనే, ఒక్క ముక్క పోకుండా, ఆవిడకి తిరిగి పాడి వినిపించాలి. అదే మా చెల్లింపు.

అలా నేను చెల్లించకుండా ఉండిపోయిన పాట ఒక్కటే, ఏడు పాయల లాలి. మా ఇంట్లో బిడ్డను ఇరవైయొకటో రోజున ఉయ్యాలలో వేసేటప్పుడు పాడేది. గోదారి ఏడు పాయలనీ ఒక్కొక్కదాన్నీ పేరుపెట్టి పిలిచి, వచ్చి ఉయ్యాల ఊపమని అడుగుతారు.

"గౌతమమ్మా రావె, గట్టు దిగి రావె
గుమ్మాన ఉయ్యాల గోటితో ఊపవె, లాలీ"

అని మొదలై, ఏడో చరణంలో వశిష్ఠ అంతర్వేదిలో సముద్రంలో కలవబోతూ వెనక్కి తిరిగి చూడడంతో ముగుస్తుంది. ఏడుగురూ వచ్చి తలొక ఊపూ ఊపితేనే ఉయ్యాల ఊగినట్టని మా అత్తయ్య మాట. ఖాళీ ఉయ్యాల ఊపకూడదని అందరిళ్ళలోనూ అంటారు కదా, మా ఇంట్లో ఇంకో ఆకు ఎక్కువ చదివారు. బిడ్డ లేనిదే ఆ పాట కూడా ఎత్తకూడదు. అందుకని సాధన చెయ్యడానికి వీల్లేదు. ఉయ్యాల దగ్గర ఆవిడ పాడడం, మేమంతా "లాలీ" దగ్గర గొంతు కలపడం. నేర్చుకోవచ్చులే, అత్తయ్య ఉందిగా అనుకున్నాను.

పదిహేనేళ్ళ కిందట మా తమ్ముడి కూతురి ఉయ్యాలకి వీడియో అతన్ని పిలిచారు. అత్తయ్య ఆ దీపాలకి కళ్ళు చికిలిస్తూ ఏడు చరణాలూ పాడింది. అతను దాన్ని డిస్కుగా చేసి ఇచ్చాడు. ఒకవైపు రంగులూ, స్టూడియో పేరూ. రెండోవైపు అద్దంలా తళతళ. అప్పట్లో మా ఇంట్లో గోనెసంచిలా పెద్ద కంప్యూటర్ ఒకటుండేది. దాని నోట్లో డిస్కు పెడితే చాలు, ఎవరూ ఏమీ అడక్కుండా, వచ్చిన చుట్టాన్ని గుమ్మంలోనే గుర్తుపట్టిన ఇల్లాలిలా, తనంతట తనే అత్తయ్యను తెచ్చి తెరమీద కూర్చోబెట్టేది. అత్తయ్య పోయాక మా ఇళ్ళలో జరిగిన రెండు ఉయ్యాలలకీ ఆ డిస్కే లాలి పాడింది. కంప్యూటర్‌కి పసుపూ కుంకుమా పెట్టి ఉయ్యాల పక్కన స్టూలు మీద కూర్చోబెట్టాము. అత్తయ్య పాడుతోంది, నేను వచ్చినవాళ్ళకి శనగలు పంచుతున్నాను. అన్నిటికీ దణ్ణం పెట్టే నేను ఆ పెట్టె ఊరికే చేసే పనికి ఒక్కసారైనా దణ్ణం పెట్టుకోలేదు. అది దాని ధర్మం అనుకున్నాను.

రెండేళ్ళ కిందట మా అమ్మాయి పురిటికి వచ్చింది. ఆడపిల్ల. పదకొండో రోజు స్నానం అయ్యాక, పిల్లని ఒళ్ళో వేసుకుని, "అమ్మా, నా కూతురికి డిస్కు పాడొద్దే. నువ్వు పాడు" అంది.

రాత్రి పడుకుని మనసులో అనుకుంటూ చూశాను. ఆరు పాయలు వచ్చాయి. కొన్ని తడబడుతూ, కొన్ని అత్తయ్య వేలు పట్టుకుని నడిపించినట్టు. నాలుగోది, కౌశిక, ఎంత పిలిచినా రాలేదు. సరే, పది రోజుల వ్యవధి ఉంది, డిస్కు ఉంది, వినేసి నేర్చుకోవచ్చు అనుకున్నాను. బిడ్డ పుట్టింది కాబట్టి వింటే తప్పులేదని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

పాత కంప్యూటర్ అప్పటికి పోయింది. కొత్తది మావారు ముచ్చటపడి కొన్నది, అప్పడాలపీటంత పల్చగా ఉంటుంది. దానికి డిస్కు పెట్టే నోరే లేదు. మావారు బస్సెక్కి వెళ్ళి అమలాపురంలో ఆ నోరు విడిగా కొనుక్కొచ్చారు. తగిలించాము. డిస్కు లోపల గిర్రున తిరుగుతోంది, పాట మాత్రం రాదు. అప్పుడు మొదటిసారి వచ్చింది ఆ తెల్లని పెట్టె. డిస్కు చూపించే హంగు ఇందులో లేదు, కావాలంటే కొనుక్కోవచ్చు.

మావారు అల్లుడికి ఫోన్ చేశారు. బ్యాంకు ఉద్యోగం, నెమ్మదైన మనిషి.

"ఇదేంటయ్యా, పాతదాంట్లో పెడితే పాడేది కదా! దానికి మనం వేరే ఏమైనా ఇచ్చేమా?"

"అది విడిగా కొనుక్కోవడమే కదండీ మామయ్యగారూ, మొదట్నుంచీ. ఇప్పుడు డిస్కులు ఎవరు వాడుతున్నారండీ?"

"మొదట్నుంచీ ఏవిటయ్యా! నువ్వు పుట్టకముందు సంగతి చెప్తున్నట్టు మాట్లాడతావు. ఇల్లు అమ్మినవాడు నాలుగేళ్ళు పోయేక వచ్చి, కిటికీ తీస్తే గాలికి వేరే ఇవ్వాలన్నాడుట, అలా ఉంది!"

"ఆయ్, నిజవేనండి. కాని కట్టేస్తే అయిపోద్ది కదండీ. పెద్ద సొమ్మేం కాదు."

పెద్ద సొమ్మేమీ కాదు, ఒక పూట కొబ్బరి దింపు కూలి. మావారి కోపం సొమ్ము గురించి కాదు. నాకూ కాదు. తన గొంతు కోసం ఎవరి దగ్గరా జాకెట్టుముక్క పుచ్చుకోని మనిషి ఆ డిస్కులో ఉంది. ఆవిడ నోరు విప్పాలంటే ఊరూ పేరూ తెలియని ఎవరో గుమ్మంలో కూర్చుని చెయ్యి చాపుతున్నారు. పాట వాళ్ళు నేర్పింది కాదు, డిస్కు వాళ్ళు చేసింది కాదు. కట్టాము. కార్డు ఒకసారి ఒప్పుకోలేదు, రెండోసారి ఏదో అంకె అడిగింది, అలా మూడు రోజులు పోయాయి. నా జన్మలో మొదటిసారి పొయ్యికి దణ్ణం పెట్టడం మర్చిపోయాను.

ఆఖరికి అత్తయ్య తెరమీదికి వచ్చింది. అదే తెల్లచీర, అదే కళ్ళు చికిలించడం. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. గౌతమి వచ్చింది, తుల్య వచ్చింది, భరద్వాజ వచ్చింది. "కౌశి" అన్న దగ్గర అత్తయ్య ముఖం గళ్ళుగళ్ళుగా చెదిరిపోయింది. గొంతు నీళ్ళు పుక్కిలించినట్టు గరగరలాడి ఆగిపోయింది. మళ్ళీ తెరిపిన పడేసరికి ఐదో చరణంలో ఉంది.

"సొమ్ము పుచ్చుకుని కూడానా!" అని మావారు బల్లమీద కొట్టారు. డిస్కు పట్టుకుని ఇద్దరమూ అమలాపురం కంప్యూటర్ల కొట్టుకి వెళ్ళాము. కొట్టాయన మా తమ్ముడి వయసువాడు. మావారి ఉపన్యాసమంతా ఓపిగ్గా విని, "ఆయ్, అందరూ అలాగే తిడతన్నారండి మాస్టారూ. మీరు కొనకుండా నా దగ్గరికొచ్చుంటే సరిపోయేదండి. దీన్ని ఆడించేది ఊరికే దొరికేదొకటి ఉందండి. ఎవరో పుణ్యాత్ములు చేసి చలివేంద్రంలా పెట్టేరు" అన్నాడు. ఆయన కంప్యూటర్లో వేశాడు. అందులోనూ కౌశిక దగ్గర అదే గరగర.

ఆయన డిస్కు బయటికి తీసి, తళతళలాడే వైపు వెలుతురుకి పెట్టి, వేలితో తడిమి చూశాడు. "అమ్మా, ఈ మచ్చలేంటండీ? వరసగా, గుండ్రంగా ఉన్నాయి?"

నేను చూశాను. పసుపు వన్నెలో ఒకటి, దాని మీద ఎర్రగా ఒకటి. తుడిచినా పోకుండా డిస్కులోకి దిగిపోయిన బొట్లు. ఏటా సరస్వతీపూజ నాడు ఇంట్లో పుస్తకాలన్నీ పీటమీద పెడతాము. అత్తయ్య చదువంతా అందులో ఉంది కాబట్టి డిస్కునీ పెట్టేదాన్ని. పుస్తకానికి అట్టమీద పెడతాము బొట్టు. దీనికి ముఖం ఎటు? రంగులవైపు స్టూడియో పేరుంది. నా ముఖం కనిపించే వైపే దాని ముఖం అనుకున్నాను. తడి పసుపు రాసి, కుంకం అద్ది, ఆరాక పొడిగుడ్డతో గట్టిగా తుడిచి దాచేదాన్ని. ఏటా.

"బొట్లండీ" అన్నాను.

ఆయన డిస్కు నా చేతికిచ్చాడు. "పాటుండేది ఈ మెరిసేవైపేనండి. రంగులవైపు పెట్టుంటే బాగుండేదండి" అన్నాడు మెల్లిగా. మావారు నా వంక చూసి, ఏదో అనబోయి, చెప్పులు వేసుకోవడంలో పడ్డారు.

బస్సు కౌశిక వంతెన మీదుగా వచ్చింది. పేరుకే వంతెన, పేరుకే నది. గుర్రపుడెక్క కప్పుకుని పంటకాలవంత ఉంది. ఈ నాలుగు రోజులూ ఆ కంప్యూటర్ కంపెనీవాళ్ళని అనుకున్నాను, ఉన్నదాన్ని తీసేసి అమ్ముతున్నారని. నిజమే, వాళ్ళు చేసింది తప్పే. నేనిప్పటికీ అదే అంటాను. కానీ ఊరికే పాడిన పదేళ్ళూ నేను ఏం చేశాను? శనగలు పంచాను. అత్తయ్య నన్ను అడిగిన వెల ఒక్కటే, తిరిగి పాడి వినిపించమని. పెట్టె పాడుతోంది కదా అని నేను కట్టలేదు.

ఇరవైయొకటో రోజున ఆరు పాయలు పాడాను. కౌశిక దగ్గర ఆపేస్తే అశుభమని, మాటలు లేకుండా ఆ చరణం పొడుగునా "ఊఁ ఊఁ" అని రాగం తీశాను. ఉయ్యాల మాత్రం ఆపలేదు. మావారి పిన్నిగారికి తొంభై దాటాయి, చెవుడు. అయినా నా పెదాలు కనిపెట్టి చూసిందేమో, ముడతల చేత్తో నా మోచెయ్యి పట్టుకుని, "ఆరుగురే వచ్చేరేంటే? కౌశికను పిలవలేదా?" అంది. మా అమ్మాయి తల వంచుకుని పిల్ల గుడ్డలు సర్దుతోంది.

ఇంతకీ మొన్నటి వీడియో. మావారు ఈసారి కొననని భీష్మించుకుని కూర్చున్నారు. కొట్టాయన చెప్పిన ఆ ఊరికే దొరికేది వేయించుకుంటానన్నారు. అప్పటిదాకా నల్లతెర ముందు ఇద్దరమూ పిల్ల గొంతు వింటూ కూర్చున్నాము. బొమ్మని పడుకోబెడుతోంది. "గౌతమమ్మా లావె" అని ఎత్తుకుంది. మా అమ్మాయి రోజూ పాడుతోంది కాబోలు, అన్నీ వచ్చేసినట్టున్నాయి. ముద్దముద్దగా తుల్యను పిలిచింది, భరద్వాజను పిలిచింది. తర్వాత, ఎక్కడా తడబడకుండా, చరణం పొడుగునా "ఊఁ ఊఁ" అంది. అని, ఐదోదానికి వెళ్ళిపోయింది.

మావారు నవ్వారు. నాకు నవ్వు రాలేదు. పోయిందని మనకి తెలిసిన చోటు, వెనక వచ్చేవాళ్ళకి మొదట్నుంచీ అలాగే ఉన్నట్టుంటుంది. కాలం చేసే పని ఇంతే కాబోలు.