ఉచిత తీర్థం

కొండదేవత మీద ఒట్టు, ఇందులో ప్రతి అక్షరం నిజం. ఒక్క ముక్క కల్పించినా కిరండూల్ రైలు నన్ను సొరంగం నడిమధ్యన దింపేసి పోవాలి.

మొన్న చలికాలంలో హైదరాబాదు నుంచి ఒక ఈవెంట్ కంపెనీవాళ్ళు దిగి, అరకులోయలో రిసార్టు పచ్చిక మీద ‘పాతకాలపు సంచార కార్నివాల్’ పెట్టారు. పాతకాలమంటే వాళ్ళ దృష్టిలో తుప్పు. గుండ్రంగా తిరిగే, నిగనిగలాడే కొత్త ఇనప గుర్రాలకి మట్టిరంగు పూసి, ఉప్పుకాగితంతో గీకి, ముసలివాటిని చేశారు. లారీ నిండా పొగమంచు యంత్రాలు కూడా తెచ్చారు. బయట అసలు మంచు దట్టంగా పట్టి ఉంటే, ఆ లారీకి గేటు కనిపించక రోడ్డు మీదే హారన్ కొడుతూ నిలబడింది. మంచులోకి మంచు మోసుకొచ్చిన బుద్ధిమంతుల్ని నా బతుకులో అప్పుడే చూశాను.

నేను సంతల్లో మైకు పట్టుకుని కేకలేసేవాణ్ణి గనక నన్నూ పనికి పెట్టుకున్నారు. వాళ్ళ మేనేజరు ముఖమల్ కోటు, బకెట్టు బోర్లించినట్టుండే పొడుగు టోపీ వేసుకుని తిరిగేవాడు. నా మైకు లాక్కుని ఒక రేకు గొట్టం చేతికిచ్చాడు.

“ఇది వింటేజ్, అంకుల్.”

కరెంటు పోయినప్పుడు మేం పడే పాట్లకే వింటేజ్ అని పేరని అలా తెలిసింది.

పాతవి కావాలంటున్నారు కదాని మా వదినకు కబురు పెట్టాను. ఆవిడది చేత్తో తిప్పే రంగులరాట్నం, చెక్క తొట్లది. పాచిపెంట, గుమ్మలక్ష్మీపురం సంతలన్నీ దాంతోనే తిరిగింది. కరెంటు రాట్నాలు వచ్చాక ఆవిడకి చోటిచ్చేవాడు లేడు. “ఈ పాలి కూడా తిరగకపోతే ఇప్పేసి కర్రల అడితికిచ్చేత్తాను మరిదీ” అని అప్పటికే తేల్చేసింది.

పిలుపొచ్చిందన్న సంబరంలో రాట్నానికి ఎర్రరంగు, పచ్చరంగు వేయించి, అద్దంలా మెరిపించి వ్యానులో తెచ్చింది. మేనేజరు ఒక్క చూపు చూసి మూతి తిప్పాడు.

“మరీ కొత్తగా ఉంది ఆంటీ. గీకించి తీసుకురండి.”

“గీకాలా? పెళ్ళికని కొత్త కోక కట్టుకొత్తే సింపుకు రమ్మన్నట్టుంది! ఏటి మరిదీ, ఈ గుంటడు మతుండే మాటాడతన్నాడా?”

“మతుంటే అరకుకి మంచు తెత్తాడా ఒదినా?” అన్నాను.

రాట్నం గేటు బయట రోడ్డు పక్కనే ఆగిపోయింది. వదిన దాని నీడలో చతికిలబడి, రేపు సాయంత్రం రమ్మని అడితివాడికి ఫోను చేసేసింది.

లోపల గుర్రాలెక్కేవాడు లేడు. పక్కన నిలబడి సెల్ఫీలు దిగడం, కాఫీ చల్లారిందని విసుక్కోవడం, ఇదీ పర్యాటకుల పండగ. మేనేజరుకు దిగులు పట్టుకుంది.

“ఫోటోల్లో లోకల్ క్రౌడ్ లేదు అంకుల్. కొండల మీదవాళ్ళు రావాలంటే ఏం చెయ్యాలి?”

“తీర్థం అని చెప్పండి సార్. పరిగెత్తుకొస్తారు.”

“అంతేనా? ఫ్రీగానా?”

“తీర్థానికి టిక్కెట్టేంటి సార్?”

మా వైపు తీర్థమంటే జాతర. రాట్నాలు, జీళ్ళు, గాజుల కొట్లు. హైదరాబాదులో ఆ మాటకి అర్థమేమిటో నేను ఆలోచించనే లేదు.

మర్నాడు నా మైకు వెనక్కి పుచ్చుకుని, ఆటోకి కట్టుకుని ఊరూరా “తీర్థం! తీర్థం!” అని అరిచి వచ్చాను. నా వెనక దిగివచ్చిన జనం తాకిడికి ఘాట్ రోడ్డులో ఒక మలుపు తిన్నగా అయిపోయింది.

గేటు దగ్గర చూద్దును కదా, బంతిపూల పందిరి. ‘ఉచిత తీర్థం’ అని బోర్డు. దాని కింద పూజారి, చేతిలో రాగిచెంబు, ఉద్ధరిణె. అందరికన్నా ముందున్న ముసలాయన చెయ్యి పట్టి, తాగి, తల మీద రాసుకుని, ఇంకేదో వస్తుందని నిలబడ్డాడు.

“తరవాతేటి?”

“అంతే” అన్నాడు పూజారి.

“అంతేనేటి? ఈ సుక్క నీళ్ళకా కొండ దిగొచ్చాం?”

వెనకున్నావిడ అందుకుంది. “మేం సర్చీవోళ్ళం బాబూ, మాకొద్దు. రాట్నమెక్కడుందో సెప్పు.”

రేకు గొట్టానికి అప్పటికి పని దొరికింది. దాన్ని రోడ్డు వైపు తిప్పి “అదిగో!” అని అరిచాను. వదిన కొంగు బిగించి లేచింది. “బేగి ఎక్కండర్రా, తోసుకోకండి!” రాట్నం కిర్రుమని కదిలింది, ఇక పొద్దుగూకేదాకా ఆగలేదు. సెల్ఫీలవాళ్ళు కూడా లోపలి తుప్పుని వదిలేసి బయటికొచ్చి వరసలో నిలబడ్డారు. సాయంత్రం వచ్చిన అడితివాడు తానూ ఒక తొట్లో కూర్చుని తిరిగి, కళ్ళు తిరిగాక ఇంటికి పోయాడు.

మేనేజరు చేతులు నలుపుకుంటూ వచ్చాడు. “ఆంటీ, లోపలికి తెచ్చేయండి. గీకక్కర్లేదులెండి.”

“వొద్దు బాబూ” అంది వదిన, తొట్టిని తోస్తూ. “మీ తుప్పు అంటుకుంటాది.”

ఇక ఒట్టు సంగతి. సొరంగమంటే నాకు భయం, అందుకని చెప్పేస్తున్నాను. కల్పించింది మలుపు కాదు, అది ఎవరైనా వెళ్ళి చూసుకోవచ్చు. కల్పించింది పూజారిని. అంత తొందరలో కొండెక్కి రావడానికి ఏ పూజారీ ఒప్పుకోలేదు. ముఖమల్ కోటు, పొడుగు టోపీతో పందిరి కింద రాగిచెంబు పట్టుకుని “అంతే” అన్నది మేనేజరే. ఉన్నదున్నట్టు రాస్తే మీరు నమ్మరని మధ్యలో ఒక పూజారిని పెట్టాను.