మీరు మొగుడూ పెళ్లాలేనా?

ఫోటోగ్రాఫర్ దేవసహాయానికి ఉన్నది ఒక్కటే జబ్బు, అనుమానం. మిర్యాలగూడలో ఆయన స్టూడియో పక్కనే నా జిరాక్స్ సెంటర్. తొమ్మిదేళ్ల స్నేహం. అయినా పొద్దున్నే నమస్తే పెడితే "ఏం కావాలె నీకు?" అంటాడు. చాయ్ తెస్తే ముందు నన్ను తాగి చూపించమంటాడు.

రైస్ మిల్లుల్లో పనికొచ్చిన ఒడిశా, బీహార్ కుటుంబాలు ఫోటోలు దిగేది ఆయన దగ్గరే. వాళ్ల పాట్లు దేవుడికెరుక.

"వీడు నీ కొడుకేనా? ముక్కు కలుస్తలేదు."

"నా కొడుకే సార్!"

"అందరు గట్లనే అంటరు."

మొన్న ఎండాకాలం, మిల్లులో పనిచేసే ఒడిశా వాళ్లు రఘు, జమున ఆరేళ్ల కూతురితో వచ్చారు. తన చెల్లెలి పెళ్లికి మొగుడు తీసుకుపోలేదని జమునకు కోపం. సాయంత్రం బండికి పిల్లతో పుట్టింటికి పోతోంది, ఇక రానంటోంది. పిల్లకు తన మొహం గుర్తుండాలని రఘు ఒక్క ఫోటో అడిగాడట. ఆధార్ జిరాక్స్ తీయించుకుంటూ అతనే చెప్పాడు. నా ప్రాణం ఉసూరుమంది.

పరుగున పోయి దేవసహాయానికి చెవిలో చెప్పాను. "అన్నా, ఇయ్యాల జర ఏం అడగకు."

"నడుమ నీకేం లాభం?" అన్నాడు.

మొగుడో మూల, పెళ్లామో మూల నిలబడ్డారు. మధ్యలో బియ్యం లారీ పట్టేంత జాగా. దేవసహాయం కెమెరా దించాడు.

"మీరు మొగుడు పెళ్లాలు కారు."

"పెళ్లయింది సార్," రఘు గొణిగాడు.

"నేన్నమ్మ. నువ్వు పిల్లల్ని ఎత్కపోయేటోని లెక్కున్నవ్. పోలీసులకు ఫోన్ కొడ్తున్న!"

అంతే, జమున ఆయన మీదికి లేచింది. ఆరేళ్లుగా ఇక్కడే ఉందేమో, తిట్లన్నీ మన భాషలోనే వచ్చాయి.

"ఏయ్ ముసలోడా! నా మొగుణ్ని దొంగంటవా? పిల్లకు జరమొస్తే మూడు దినాలు దవాఖానల నిలబడే ఉన్నడు! గిసోంటి తండ్రిని సూసినవా నువ్వు?"

అంటూనే రఘు చెయ్యి పట్టి పక్కకు లాక్కుంది. పిల్ల తండ్రి నడుం వాటేసుకుని దేవసహాయాన్ని వెక్కిరించింది.

టక్కున నొక్కాడు దేవసహాయం.

ఆయన్ని తిట్టుకుంటూనే బయటికి నడిచారు, స్టేషన్ వైపు కాదు, మిల్లు వైపు. జమున ఆ చెయ్యి వదల్లేదు.

వారం తర్వాత ఆమె ఒక్కతే వచ్చింది. "ఫోటో రెండు కాపీలు ఇయ్యి."

"రెండెందుకు? వేరువడ్డరా?"

"ఒకటి మా అమ్మకు. వచ్చే నెల ముగ్గురం పోయొస్తున్నం."

"ముగ్గురా? టికెట్లు సూపెట్టు."

ఆమె నవ్వుతూ కొంగుముడి విప్పింది. పోయేవి మూడు, వచ్చేవి మూడు. దేవసహాయం వాటిని లైటుకు పట్టి మరీ చూశాడు. చూసి, తొమ్మిదేళ్లలో మొదటిసారి నవ్వాడు.

ఈయన నిజంగా మన దేవసహాయమేనా అని నాకు అనుమానమొచ్చింది.