నొప్పులక్కకి మెడ పట్టేసిన రోజు

కాన్పుకి వచ్చిన ఏ ఆడదీ మా నొప్పులక్క ముందు తన నొప్పుల గురించి పూర్తిగా చెప్పుకున్న పాపాన పోలేదు. ఆమె నోరు తెరిచేలోపే అక్క తన నొప్పుల చిట్టా విప్పేది.

"అక్కా, నడుం విరిగిపోతోంది" అంటుంది పాపం ఆ అమ్మాయి.

"నీ నడుమా! నా నడుం సంగతి వింటే నువ్వు లేచి కూర్చుంటావు. పొద్దున మంచం దిగడానికి ముప్పావుగంట పట్టింది. ఏదీ, ఆ గోడ పట్టుకుని కాస్త వంగు, నీకు ఎలా హాయిగా ఉందో చూపించు. నేనూ అలాగే వంగుతాను."

ఇద్దరూ గోడ పట్టుకుని వంగేవాళ్లు. తలుపు తీసి చూసినవాళ్లకి కనబోయేది ఎవరో అర్థమయ్యేది కాదు.

అక్క ముప్పయ్యేళ్లుగా ప్రసూతి వార్డులో పురుళ్లు పోస్తున్న నర్సు. చూడ్డానికి ఇనప బీరువాలా నిటారుగా, దిట్టంగా ఉండేది. అయినా కాన్పుల గదిలో అడుగుపెట్టిందంటే చాలు, ఒంట్లో ఏదో ఒక భాగం మొరాయించేది. ఒకసారి ఒక బడిపంతులమ్మ నొప్పులతో వచ్చింది. "నన్ను కాస్త పట్టుకుని నడిపించు తల్లీ, మోకాలు పట్టేసింది" అని ఆమె భుజం మీద చెయ్యి వేసింది అక్క. ఇద్దరూ వరండాలో పన్నెండుసార్లు అటూ ఇటూ తిరిగారు. ఇది చూసి పంతులమ్మ భర్త అగ్గిమీద గుగ్గిలమయ్యాడు.

"ఇదేం ఆస్పత్రండీ! ఇక్కడ ఎవరు ఎవరికి సేవ చేస్తున్నారు?"

"మీరూరుకోండి! ఆవిడ ఎంత బాధపడుతోందో మీకేం తెలుసు?" అని కసిరి, పదమూడోసారి తిప్పడం మొదలుపెట్టింది పంతులమ్మ.

పిల్లలకి టీకాలు వేయించడానికి వచ్చిన తల్లులు కూడా ముందు అక్క మోకాలి క్షేమం అడిగాకే సొంత బిడ్డ జ్వరం సంగతి ఎత్తేవాళ్లు. వచ్చినవాళ్లంతా నొప్పులకి రాసుకునే మందు గొట్టాలు తెచ్చి ఇచ్చేవాళ్లు. ఆవిడ బల్ల సొరుగు ఆ గొట్టాలతో నిండిపోయి మూసుకునేది కాదు.

నేను తొమ్మిదేళ్లు ఆపరేషన్ల వార్డులో పనిచేసి అక్కడికి బదిలీ అయ్యాను. ఆపరేషన్ల వార్డులో రోగి మూలుగుతాడు, నర్సు పనిచేస్తుంది. ఇక్కడ అంతా తలకిందులు. నెల తిరిగేసరికి నాకు ఒళ్లు మండిపోయింది. ఈవిడ సంగతి డాక్టరమ్మతో చెప్పి తీరాలని నిశ్చయించుకున్నాను.

ఆ రోజు పదకొండు గంటలకి ఒక కుట్టుపని చేసుకునే ఆమె వచ్చింది. రెండేళ్ల క్రితం ఆమెకి మొదటి బిడ్డ పుట్టి, ఏడవకుండానే పోయింది. నొప్పి వస్తే పిడికిళ్లు బిగించి గోడవైపు చూస్తోందే తప్ప కిక్కురుమనడం లేదు. "భయపడకమ్మా, మెల్లగా ఊపిరి తీసుకో" అని నేను నాలుగుసార్లు చెప్పాను. గోడకి చెప్పినట్టే అయింది.

అక్క వచ్చి కుర్చీలో కూలబడింది. "అబ్బబ్బ, మెడ! నువ్వు బట్టలు కుడతావటగా. రోజంతా మిషను మీద వంగితే నీకు మెడ లాగదూ?"

ఆమె గోడ మీంచి చూపు తిప్పి అక్క మెడకేసి చూసింది. "లాగుతుంది."

"మరేం చేస్తావు?"

"ఊపిరి మెల్లగా వదిలి, భుజాలు జారవిడుస్తాను."

"ఏదీ, చూపించు. నాది మొద్దుబుర్ర, ఒకసారికి రాదు."

ఆమె చూపించింది. అక్క తప్పుగా చేసింది. "అలా కాదక్కా, భుజాలు ఎగలాక్కూడదు" అని ఆమె దిద్దింది. నొప్పి వచ్చిన ప్రతిసారీ ఇదే పాఠం. అక్క ఎంత ఘోరంగా చేసిందంటే, ఒకసారి ఆ మనిషి నొప్పి మధ్యలో ఫక్కున నవ్వింది.

మధ్యాహ్నం రెండు దాటింది. అక్క ఒక చెయ్యి ఆమె చేతిలో ఉంది. రెండో చేత్తో పొట్ట మీద పరికరం పెట్టి బిడ్డ గుండె చప్పుడు వింటోంది. ఉన్నట్టుండి "అమ్మో!" అంది. "మెడ పూర్తిగా పట్టేసింది తల్లీ. నేను అటు తిరగలేను. నువ్వే ఎడమ పక్కకి, నా వైపు తిరుగు." ఆమె జాలిపడి తిరిగింది. తర్వాత అక్క నాతో అదే గొంతుతో అంది: "నువ్వెళ్లి అక్కకి మెడ పట్టేసిందని డాక్టరమ్మకి చెప్పు. ఇప్పుడే."

మెడ పట్టినందుకు డాక్టరా! సరే, ఈ వంకతో మొత్తం చెప్పేద్దామని వెళ్లాను. డాక్టరమ్మ టీ తాగుతోంది.

"మేడమ్, ఆవిడతో వేగలేకపోతున్నాను. కాన్పుల గదిలో కూర్చుని మెడ పట్టేసిందంటూ..."

నా మాట పూర్తికాలేదు. డాక్టరమ్మ లేచిన ఊపుకి సగం టీ నా బట్టల మీద పడింది.

"ఎంతసేపయింది?" అంది పరిగెడుతూ.

"మెడ పట్టా?"

"బిడ్డ గుండె చప్పుడు తగ్గి! మెడ అంటే అదే. నీకెవరూ చెప్పలేదా?"

"మరి మోకాలు?"

"అది వాళ్లని నడిపించడానికి! నడవకు, పరిగెత్తు!"

మేం వెళ్లేసరికి పక్కకి తిరిగిన తల్లి పొట్టలో గుండె చప్పుడు కాస్త కుదుటపడింది. డాక్టరమ్మ చేతులు కడుక్కుంటూ, "ఏం అక్కా, మెడ ఎలా ఉంది?" అంది.

"కాస్త నయమండీ. కానీ మళ్లీ పట్టేలా ఉంది. ఆలస్యం చేయొద్దు."

ఆ ఇరవై నిమిషాలు ఆ తల్లి అక్క మెడ మీద దిగులుతోనే ముక్కింది. ఆడపిల్ల పుట్టింది. బొడ్డుతాడు పాప మెడకి ఒక చుట్టు చుట్టుకుని ఉంది. అంటే, మెడ బాధ నిజమే. మనిషి మాత్రమే వేరు. డాక్టరమ్మ తాడు తప్పించింది. అక్క పాప వీపు గుడ్డతో రుద్దింది. అంతలో పాప కేరుమంది. అప్పటిదాకా బిగబట్టుకున్న తల్లి రెండేళ్ల ఏడుపూ అప్పుడే ఏడ్చింది.

బయట కుళాయి దగ్గర అక్క చేతులు కడుక్కుంటోంది. నేను సిగ్గుతో పక్కన నిలబడ్డాను. ఆవిడ మణికట్టు మీద ఆ తల్లి గోళ్లు నాలుగు దిగి, నెత్తురు ఊరుతోంది.

"అక్కా, నొప్పిగా లేదూ?"

"దేనికి?" అని చేతికేసి చూసుకుంది. "ఓ, ఇదా!" చప్పున చొక్కా చెయ్యి కిందికి లాగేసింది. "ఆ పిల్లకి చెప్పకు. బాధపడుతుంది."

అంతలో ఆ తల్లి కన్నతల్లి వేడినీళ్ల సంచి పట్టుకుని వచ్చింది. "మా అమ్మాయి పంపించిందమ్మా. కాస్త తేరుకోగానే మీ గురించే అడిగింది. నొప్పి ఎక్కడ?"

అక్క వెంటనే వంగి మోకాలు పట్టుకుంది. "ఈ మోకాలేనమ్మా, ప్రాణం తీసేస్తోంది..."

"అక్కా, మెడ!" అని నేను గొణిగాను.

"ఇక్కడే మొదలవుతుందమ్మా," అంది అక్క రెప్పవేయకుండా, "మొదలై, మెల్లగా మెడదాకా పాకుతుంది."