సత్వాజీ గోదాలో బూట్లు

యేసాజీ మోకాలు విరగ్గొట్టింది అతని దగ్గర కుస్తీ నేర్చుకున్నవాడే.

కొల్హాపూర్ పక్కన మాళ్‌గావ్‌లో ఊరందరిదీ అయిన కుస్తీ మైదానం ఉంది. ఆ గోదా తవ్వి, ఎర్రమట్టి పోసి, చివరికి ఆ మట్టిలోనే మెడ విరిగి చనిపోయినవాడు సత్వాజీ. ఊరు దానికి అతని పేరే పెట్టుకుంది. పోలీసు ఉద్యోగం వచ్చినా వెళ్లకుండా యేసాజీ అక్కడే ఉండిపోయాడు. మట్టిలో మజ్జిగ, పసుపు, నూనె కలిపి తొక్కుతూ కుర్రాళ్లకు పట్లు నేర్పాడు. పెళ్లాం పోయాక గోదా పక్క రేకుల కొట్టంలోకే మకాం మార్చాడు.

ఎమ్మెల్యే ఆ మైదానానికి చనిపోయిన తన తండ్రి, మాజీ మంత్రి ఆబాసాహెబ్ పేరు పెట్టించడానికి పూనుకున్నాడు. గోదా గట్టున సత్వాజీ పేరుతో ఉన్న పాత రాతిపలక పీకడానికి గడ్డపారలతో గుంపు వచ్చింది. ముందు నడిచింది దగడూ, యేసాజీ పాత శిష్యుడు.

"తప్పుకో వస్తాద్. నీ మీద చెయ్యి చేసుకోవాలని లేదు."

"ఆబాసాహెబ్ ఈ మట్టిలో ఎప్పుడన్నా చెమటోడ్చాడట్రా? దండలు వేయించుకోడానికి తప్ప వచ్చాడా?"

"పెద్దాయన్ని ఏమన్నా అన్నావంటే పళ్లు రాలతాయి."

"రాల్చు చూద్దాం. నా బాదంపాలు తాగి పెంచిన కండలేగా!"

దగడూ మీదికి ఉరికాడు. అరవై దాటిన యేసాజీ పక్కకు ఒరిగి, నడుం పట్టి ఎత్తి గోదాలో వేశాడు. దగడూ భుజాలు రెండూ మట్టికి తగిలాయి. అక్కడితో కుస్తీ అయిపోయినట్టే. పడ్డవాణ్ణి కొట్టకూడదు, పడ్డవాడు మళ్లీ చెయ్యెత్తకూడదు. ఆ నమ్మకంతోనే యేసాజీ వాడికి వీపు తిప్పి, మట్టి నుదుటికి పెట్టుకోడానికి వంగాడు. దగడూ గడ్డపార అందుకుని మోకాలి మీద కొట్టాడు. ఎముక విరిగిన చప్పుడు రోడ్డు మీది టీ దుకాణం దాకా వినిపించింది. పలకను ముక్కలు చేసి పోయారు.

కొత్త పేరు పెట్టే రోజు జాతర కుస్తీలు. బోర్డుకు గుడ్డ కప్పి ఉంది. డప్పులు మోగుతున్నాయి. యేసాజీ కాలికట్టుతో పాక్కుంటూ గోదా నడిమికి వెళ్లి, పిడికెడు మట్టి తీసి చెయ్యి చాచి కూర్చున్నాడు. అలా మట్టి చాచినవాడి సవాలుకు ఎవరో ఒకరు జవాబు చెప్పేదాకా మరో జోడీ గోదాలోకి దిగదు. డప్పులు ఆగిపోయాయి. లంగోటీలు కట్టుకుని సిద్ధంగా ఉన్న మల్లులు ఎక్కడివాళ్లక్కడే నిలబడిపోయారు.

"ఆ ముసలాణ్ణి అవతల పారెయ్యండి," ఎమ్మెల్యే మైకులోనే అన్నాడు.

దగడూ వేదిక దిగాడు.

"చెయ్యి అందుకోరా దగడ్యా!" జనంలోంచి ఒకావిడ అరిచింది. "కుంటివాడంటే కూడా భయమేనా?"

"రా," అన్నాడు యేసాజీ. "మట్టి అందుకో. గెలిస్తే ఏ పేరైనా రాసుకోండి."

దగడూ అందుకోలేదు. చాచిన చేతిని తన్నాడు, ఆ తర్వాత మొహాన్ని. యేసాజీ పళ్లు మట్టిలో రాలాయి. జనం మాత్రం దగడూ కాళ్లే చూశారు. బూట్లతో ఆ మట్టి తొక్కినవాడు ఇన్నాళ్లలో ఒక్కడూ లేడు.

ముందు మల్లులు కదిలారు. ఆ వెనకే గట్టంతా విరుచుకుపడింది. వేదిక గుంజలు పీకి వాటితోనే కొట్టారు. ఎమ్మెల్యే నెత్తురోడుతూ జీపులో పడి పారిపోయాడు. గుడ్డ తియ్యకుండానే బోర్డును తొక్కి విరిచేశారు. దగడూ వెల్లకిలా పడ్డాడు. అయినా దెబ్బలు ఆగలేదు.

"వీపు తగిలింది! అయిపోయింది, వదలండి!" నోట్లో నెత్తురుతోనే యేసాజీ కేకలు వేశాడు. ఎవరూ వినలేదు. పాక్కుంటూ వెళ్లి వాడి మీద అడ్డంగా పడ్డాడు. అతని వీపు మీద కర్రలు విరిగాక గాని జనం తగ్గలేదు.

దగడూకు ఒక కన్ను పోయింది. ఊపిరి ఆడుతోందో లేదో చూసి, యేసాజీ వాడి బూట్లు ఊడబెరికి గోదా బయటికి విసిరాడు.

"ఇప్పుడు మోసుకుపోండి," అన్నాడు.