స్టిక్కరు లైట్ల కారు

మా ఉస్తాద్ పోయాడు. మంగళవారం పొద్దున సులై పారిశ్రామికవాడలో మా వర్క్‌షాపు షట్టరు ఎత్తుతుంటే ఆయన చెల్లెలు వాయిస్ మెసేజ్ పెట్టింది. "అన్నయ్యా, మా అన్నయ్య వెళ్ళిపోయాడండీ, నిద్రలోనే" అని చెప్పి ఆపేసింది. పది నిమిషాల్లో మా పాత రూమువాళ్ళ వాట్సాప్ గ్రూపు నిండా దండాలు, పూలు. అందరికంటే ముందు దండం పెట్టింది మా షాపులో పనిచేసిన పెయింటరు. "దేవునసొంటి మనిషి" అని కూడా రాశాడు. నాకు ఒళ్ళు మండింది. ఆ దేవుడిలాంటి మనిషిని ఈ గల్ఫు దేశం నుంచి వెళ్ళగొట్టించింది వాడే. వాడి చేతికి కత్తి అందించింది నేను. కాబట్టి నేను రాస్తున్నవి గ్రూపులో పెట్టే మాటలు కావు.

ఆయన గోదావరి జిల్లాల మనిషి. నాది జగిత్యాల వైపు. ఊళ్ళో పదేళ్ళు ట్రాక్టర్లు బాగుచేసి, నాకన్నీ వచ్చనుకుని ఇక్కడ దిగాను. మొదటి రోజే ఒక పెద్ద అమెరికా కారు ఇంజను విప్పబోతే ఆయన నా చేతిలో పానా లాక్కున్నాడు. పొడవాటి స్క్రూడ్రైవరు కొన ఇంజనుకు ఆనించి, పిడి నా చెవికి పెట్టాడు. "ముందు వినరా. బండి అబద్ధం చెప్పదు, తెచ్చినోడు చెప్తాడు" అన్నాడు. ఆ విద్యతోనే ఇవాళ్టికీ అన్నం తింటున్నాను. కోపం లేని మనిషేం కాదు. పానా తీసినచోట పెట్టకపోతే మన అమ్మానాన్నల దాకా వెళ్ళేవాడు. గంట తిరక్కుండానే రెండు గ్లాసుల్లో సులైమానీ చాయ్ పోసి, ఒకటి నా ముందు పెట్టి, ఏమీ జరగనట్టు పని చెప్పేవాడు.

శుక్రవారం మధ్యాహ్నం అందరూ తిని పడుకుంటే ఆయన ఫోన్లో అమెరికా స్టాక్ కారు రేసులు చూసేవాడు. ఒకే గుండ్రటి బాట మీద ముప్పై నలభై కార్లు గంటల తరబడి తిరుగుతుంటాయి. "ఏంది ఉస్తాద్, గానుగెద్దుల పందెమా?" అని ఎగతాళి చేసేవాణ్ణి. "నోర్మూసుకుని చూడరా" అనేవాడు. "పైకి మనం బాగుచేసే బండ్లే. లోపల ఒక్క బోల్టు కూడా వాటిది కాదు. ఆ ముందు లైట్లున్నాయి చూడు, అవి లైట్లు కావు, స్టిక్కర్లు." అది చెప్పి పిల్లాడిలా నవ్వేవాడు.

ఆ రేసుల్లో డ్రైవరుకు పక్కన ఏ బండి ఉందో సరిగా కనపడదట. పైన ఎత్తు మీద ఒక మనిషి నిలబడి, లోపలి వైపు ఉన్నాడు, బయటి వైపు ఉన్నాడు, ఖాళీ అని చెవిలో చెబుతూ ఉంటాడు. ఉస్తాద్ ఆ పద్ధతిని మా షాపులోకి తెచ్చాడు. ఇరుకు షెడ్డులోంచి బండి వెనక్కి తీయాలంటే పక్క అద్దాలు మడిచేసి నన్ను బయట నిలబెట్టేవాడు. నేను "కుడికి ఉన్నది, ఇంకా ఉన్నది, ఖాళీ" అంటే అప్పుడు తిప్పేవాడు. చూసే కస్టమరుకు పై ప్రాణాలు పైనే పోయేవి. మా ఇద్దరి చేతుల మీదుగా ఒక్క బండికీ గీత పడలేదు.

ఒక శుక్రవారం ఫోన్లో రేసుకు బదులు ఒక డ్రైవరు మాట్లాడుతున్నాడు. పక్కన ఇంకో మగమనిషి, భుజం మీద చెయ్యి. నాకు ఇంగ్లీషు అంతంతమాత్రం. ఏమంటున్నాడని అడిగాను. "ఆ పక్కనున్నోడే తన మనిషని చెప్తున్నాడు. అందరి ముందూ" అన్నాడు ఉస్తాద్. వేలికున్న ఉంగరం తిప్పుకుంటూ, "నేనూ అలాంటోణ్ణేరా. నా పెళ్ళాం కూడా స్టిక్కరే" అన్నాడు. ఊళ్ళో భార్య ఉందని అన్నాళ్ళూ మాకు చెబుతూ వచ్చాడు. నేను "మరి చాయ్ పెట్టమంటవా?" అన్నాను. ఆయన కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వాడు.

ఆ డ్రైవరు చెప్పాక కొన్ని కంపెనీలు అతని బండి మీంచి తమ పేర్లు తీసేసుకున్నాయట. "పేరు పీకేసినా వాడి ఊరు వాడికుంటుంది. నన్ను వీసా ఇచ్చిన కఫీల్ పీకేస్తే పని, గది, ఇక్కడ ఉండనిచ్చే ఇక్కామా అన్నీ ఒక్కసారే పోతాయి. పోలీసుల దాకా వెళ్తే జైలు" అన్నాడు. నాకు తప్ప ఈ దేశంలో ఎవరికీ చెప్పలేదన్నాడు. బతుకంతా తెచ్చి నా చేతిలో పెట్టాడన్నమాట.

నేను దాన్ని ఏడు నెలలు దాచాను. పెయింటరుదీ నాదీ ఒకే మండలం, ఒకే కంచంలో తిన్న స్నేహం. ఒకరోజు ఉల్లిగడ్డలు కోస్తూ వాడు, "నీ ఉస్తాద్ నాలుగేండ్లాయె ఇంటికి పోక. పెండ్లాం యాదికి రాదా ఆయనకు?" అన్నాడు. ఆయన్ని వెనకేసుకు రావడానికే చెప్పానని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. అబద్ధం. వాడికి తెలియంది నాకు తెలుసన్న గొప్ప, అంతే. వాడి బిడ్డ మీద ఒట్టేయించుకుని మరీ చెప్పాను. వాడు ఒట్టేశాడు.

అవి నితాఖాత్ రోజులు, ఈ దేశం వాళ్ళకే ఉద్యోగాలివ్వాలన్న రూలు. బయటి మనిషి మనిషికీ సర్కారుకు కట్టే లెవీ ఏటా పెరుగుతోంది, బయటివాళ్ళు ఎక్కువని మా షాపు సర్కారు లెక్కలో ఎరుపు రంగులోకి జారింది. ఇద్దర్ని తగ్గిస్తామన్నాడు ముదీర్, అంటే మా మేనేజరు. లిస్టులో పెయింటరు పేరు ఉంది. వాడు ముదీర్ గదిలోకి వెళ్ళి పావుగంట ఉన్నాడు. ఉస్తాద్ ఫోన్లో మగవాళ్ళ సంగతులు తానే కళ్ళారా చూశానని చెప్పాడు. మర్నాటికి వాడి పేరు పోయి ఉస్తాద్ పేరు వచ్చింది. గొడవ ఎందుకని ముదీర్ పోలీసులను పిలవలేదు. వారంలో దేశం వదిలి పొమ్మనే ఎగ్జిట్ ముద్ర కొట్టించేశాడు. అదే మేలు అనుకోవాల్సి వచ్చింది.

"ఎందుకు జేసినవ్‌రా గిట్ల?" అని పెయింటరు గల్లా పట్టుకున్నాను. వాడు చెయ్యి విదిలించుకుని, "నాకు జెప్పింది నువ్వే గద. నేనేమన్న కలగన్ననా?" అన్నాడు. గల్లా వదిలేశాను. నమ్మినవాడు గొంతు కోశాడని వాణ్ణి తిట్టబోయిన ప్రతిసారీ ఆ మాట నాకే తగులుతోంది. ఆయన పక్కన ఎవరున్నారో చూసి చెప్పాల్సినవాణ్ణి, నేనే తీసుకెళ్ళి గుద్దించాను. ఆ తర్వాత ఏడాదిన్నర వాడూ నేనూ అదే రూములో, అదే కుక్కర్లో అన్నం వండుకు తిన్నాం. సిగ్గు చచ్చింది, ఆకలి చావలేదు.

మంగళవారం సాయంత్రం ఉస్తాద్ చెల్లెలికి ఫోన్ చేశాను. ఆమెకు ఆయన సంగతి ముందే తెలుసు. "మీ గురించే చెప్పేవాడండీ. ఆ దేశంలో నా మాట కడుపులో దాచుకున్నోడు వాడొక్కడేనే అనేవాడు" అంది. నిజం చెబుదామని నోరు తెరిచాను. "అవునమ్మా" అన్నాను. ఆయన గురించి రాస్తానంటే, "అంతా రాయండి, పేరు మాత్రం వద్దు, అమ్మ ఉంది" అంది. అంతా రాయమంది కాబట్టి రాస్తున్నాను చెల్లెమ్మా. మీ అన్నయ్య మాట దాచినవాళ్ళు ఇక్కడ ఎవరూ లేరు.

ఎగ్జిట్ పడ్డాక ఆయన్ని ఎయిర్‌పోర్టులో దింపింది నేనే. చెక్ఇన్ వరస దగ్గర నా భుజం మీద చెయ్యి వేశాడు. "ఫోనుకి లాక్ పెట్టుకోలేదురా, నాదే తప్పు. ఆ పెయింటరుగాడితో జాగ్రత్త. రూములో ఎవరికీ ఏమీ చెప్పకు" అన్నాడు.

"సరే ఉస్తాద్" అన్నాను.

ఆయన ట్రాలీ తోశాడు. అది ఎడమకు లాగుతోంది. ఆగి, వరసలోనే గొంతుక్కూర్చుని, చక్రంలో చుట్టుకున్న ప్లాస్టిక్ తాడు వేళ్ళతో లాగి తీశాడు. ట్రాలీ అంచు కాస్త ఎత్తి చక్రం ఒకసారి తిప్పి, చెవి దగ్గరికి వంచి విన్నాడు. లేచి, ట్రాలీ తిన్నగా తోసుకుంటూ వెళ్ళాడు.